బండి ఎందుకు లాగట్లేదు?

"ఖాళీగా ఉంటే సాఫీగా పోతుందండి. లోడేసి ఘాట్ ఎక్కిస్తే మాత్రం రెండో గేరు దాటనివ్వదు. పోయినేడు ఇదే లోడుతో మూడులో ఎక్కేది. ఏమైందంటారు?"

పాత డీజిల్ పికప్ నడిపేవాళ్లు ఏదో ఒక రోజు అడిగే ప్రశ్నే ఇది. నన్ను అడిగినాయన శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకుకు సిమెంటు బస్తాలు తోలుతాడు. బండికి పదిహేడేళ్లు. రెండున్నర లీటర్ల, నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిన్. కొత్తలో అరవై పైచిలుకు హార్స్‌పవర్ ఇచ్చేది. కంప్యూటరు లేదు, సెన్సర్లు లేవు, ఉన్నదంతా ఇనుమూ రబ్బరూ. నా దగ్గరికొచ్చే నాటికే ఒక షెడ్డులో ఇంజెక్షన్ పంపు దించి కాలిబ్రేషన్ చేయించారు, నాలుగు నాజిళ్లూ మార్చారు. రెండు నెలల కిస్తీ డబ్బు అక్కడే పోయింది. బండి మాత్రం ఇంకా రెండో గేరులోనే ఉంది.

ఇలాంటి ఖర్చు చూస్తే నాకు బాధేస్తుంది. డీజిల్ ఇంజిన్ తన జబ్బును దాచుకునే రకం కాదు. తనకేం తక్కువైందో పొగతో, శబ్దంతో, వేడితో చెబుతూనే ఉంటుంది. ఆ మాట అర్థమైతే స్పానర్ పట్టడం రానివాళ్లు కూడా జబ్బు ఏ వైపున ఉందో చెప్పేయొచ్చు.

చదును రోడ్డు మీద కనపడని జబ్బు

ముందు ఈ సంగతి తేల్చుకోవాలి: ఖాళీ బండి సాఫీగా పోతుంటే, జబ్బు ఘాట్‌లోనే ఎందుకు బయటపడుతుంది?

సరుకుతో కలిపి రెండున్నర టన్నులున్న పికప్ చదును రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోవడానికి ఉజ్జాయింపుగా 5 హార్స్‌పవర్ చాలు. టైర్లు దొర్లడానికి కొంత, ఎదురుగాలిని చీల్చడానికి కొంత. అదే బండి, అదే వేగం, పది మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తు మీదైతే? రెండున్నర టన్నుల బరువును పది మీటర్లకోసారి మీటరు పైకి ఎత్తుతూ పోవాలి. ఇప్పుడు కావలసింది 32 హార్స్‌పవర్ దాకా. ఆరు రెట్లు!

పైగా ఇంజిన్ కాగితం మీద రాసుకున్న అరవై హార్స్‌పవర్ గట్టిగా తిరిగినప్పుడే వస్తుంది. ఘాట్‌లో, మూడో గేరులో, నిదానంగా తిరిగేటప్పుడు అందులో సగం చేతికొస్తే గొప్ప. అంటే అక్కడ ఇంజిన్ తన దగ్గరున్నదంతా ఊడ్చి ఇస్తోందన్నమాట. అందులో మూడో వంతు తగ్గినా చదును రోడ్డుకు ఆ సంగతే తెలియదు. ఒంట్లో రక్తం తక్కువైన మనిషి ఇంట్లో మామూలుగానే తిరుగుతాడు. సింహాచలం మెట్లెక్కిస్తే తెలుస్తుంది.

అందుకే షెడ్డులో నిలబెట్టి ఆక్సిలేటర్ తొక్కి, "ఇంజిన్ బ్రహ్మాండంగా ఉంది" అంటే నమ్మడానికి లేదు. నిలబడి ఉన్న ఇంజిన్‌కు మోయడానికి బరువే లేదు. జబ్బును అది బయటపడే చోటే చూడాలి.

ఇంజిన్‌ను అనుమానించే ముందు పైసా ఖర్చులేని పనులు మూడున్నాయి. ఒకరు ఇంజిన్ ఆపేసి పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు బానెట్ ఎత్తి పంపు మీది లివరు చివరి దాకా వచ్చి ఆగుతోందా చూడాలి. కేబుల్ సాగినా, కాళ్ల కింది మ్యాట్ పెడల్‌కు అడ్డంపడ్డా, లివరు ముప్పాతికలోనే ఆగిపోతుంది. రెండోది, కాసేపు తోలి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడడం. ఒక డ్రమ్ము మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది, ఇంజిన్ పాపం దాన్నీ ఈడుస్తోంది. మూడోది, ఎత్తు మీద ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే, కాలిన వాసన కూడా వస్తే, జారుతున్నది క్లచ్ ప్లేటు. మన సిమెంటు బండి ఈ మూడూ దాటింది.

అగ్గిపుల్ల లేని పొయ్యి

సైకిల్ పంపుతో గట్టిగా గాలి కొట్టాక పంపు అడుగు భాగం ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. గాలిని ఒక్కసారిగా నొక్కితే అది వేడెక్కుతుంది. డీజిల్ ఇంజిన్‌కు మూలం ఈ ఒక్క సంగతే. సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పిస్టన్ దాదాపు పద్దెనిమిదో వంతు చోటులోకి నొక్కేస్తుంది. ఆ గాలి వేడి 500 డిగ్రీలు దాటిపోతుంది. అందులోకి డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. పెట్రోలు ఇంజిన్‌లో ఉండే స్పార్క్ ప్లగ్గు ఇక్కడ ఉండదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఇలాంటి ఇంజిన్‌ను తిప్పి చూపించినప్పుడు, ఇంధనంలోని శక్తిలో నాలుగో వంతుకు పైగా పనిగా మారింది. ఆనాటి ఆవిరి ఇంజిన్లలో చాలావరకు అందులో సగం కూడా అందుకోలేకపోయేవి.

ఒక్కోసారి చిమ్మే డీజిల్ ఎంతో తెలుసా? మన బండి నిండు బరువుతో లాగుతున్నప్పుడు కూడా ఒక నీటి బొట్టు కంటే తక్కువే. అలాంటి చిమ్ములు నిమిషానికి కొన్ని వేలు. మరి గాలి? ఒక లీటరు డీజిల్ పూర్తిగా కాలడానికి కనీసం పది వేల లీటర్ల గాలి కావాలి. వేసవిలో ఊళ్లకు నీళ్లు తోలే 5000 లీటర్ల ట్యాంకర్లు రెండు ఊహించుకోండి. ఆ రెండింటి నిండా గాలి పట్టి, పక్కన ఒక లీటరు సీసా పెడితే అదీ లెక్క. నిజానికి గాలి ఇంకా ఎక్కువే ఉండాలి. తుంపరలోని ప్రతి చుక్కకూ చుట్టూ గాలి దొరకాలి కదా.

పెట్రోలు బండిలో కాలు తొక్కితే గాలి దారి తెరుచుకుంటుంది. పాత డీజిల్ బండిలో ఆ దారికి తలుపే లేదు, ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. తొక్కితే పెరిగేది డీజిల్ ఒక్కటే. ఈ తేడా గుర్తుంచుకుంటే తర్వాత చెప్పబోయేదంతా సులువు.

కాబట్టి ఇంజిన్ అడిగేవి ఇవి: కడుపునిండా గాలి, దాన్ని వదలకుండా నొక్కిపెట్టే బిగువు, తగినంత డీజిల్, అదీ సరైన క్షణంలో. బలం తగ్గిందంటే వీటిలో ఏదో తగ్గింది. ఏదన్నది పొగను అడగాలి.

లాంతరు నేర్పిన పాఠం

కరెంటు లేని రాత్రుల్లో లాంతరు వెలిగించినవాళ్లకు ఇది తెలిసిందే. వత్తి మరీ పైకి తిప్పితే మంట పెరగదు, గాజు బుడ్డి మసిబారుతుంది. నూనె ఎక్కువై, గాలి చాలక, కాలని బొగ్గు పొడి మసిగా లేస్తుంది. అదే లాంతరులో కిరసనాయిలు అయిపోవస్తే? మసి ఉండదు, పొగ ఉండదు. మంట చప్పుడు లేకుండా చిన్నదైపోతుంది.

డీజిల్ బండి లాగట్లేదంటూ వెనక నల్ల పొగ కక్కుతుంటే డీజిల్ వస్తోంది, గాలి చాలట్లేదు. లాగట్లేదు, పొగా లేదంటే డీజిలే రావట్లేదు. ఎంతమంది మేస్త్రీలకు డబ్బులిచ్చినా ఇంతకంటే విలువైన మాట దొరకదని నా నమ్మకం. తెల్ల పొగ అంటే డీజిల్ వస్తోంది కానీ అంటుకోకుండా ఆవిరై పోతోంది. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిలు కాలుతోంది.

మా సిమెంటు బండి వెనక నేను మోటారు సైకిల్ మీద ఘాట్ ఎక్కాను. బండి నిండా లోడు. రెండో మలుపు దగ్గర డ్రైవరు కాలు నేలకానేదాకా తొక్కానని తర్వాత చెప్పాడు. ఇంజిన్ మూలిగింది, రెండో గేరులోకి దిగింది. సైలెన్సర్ గొట్టం వైపే చూస్తున్నాను. ఎదురుగా కొండ రంగు స్పష్టంగా కనిపిస్తోంది. పొగ జాడే లేదు. అక్కడితో సగం పని అయిపోయింది.

నల్ల పొగ వస్తే

మన బండిది కాకపోయినా, చాలా బండ్లకు ఉండేది ఇదే. ముందు ఎయిర్ ఫిల్టర్. కంకర క్వారీల దగ్గర, కోతల కాలంలో పొలం దారుల్లో తిరిగే బండికి పుస్తకంలో రాసిన గడువు సరిపోదు. ఫిల్టర్ నుంచి టర్బో దాకా వచ్చే రబ్బరు గొట్టం కూడా చూడాలి. పాతబడి మెత్తబడితే నిలబడ్డప్పుడు గుండ్రంగానే ఉంటుంది, గట్టిగా పీల్చినప్పుడు మాత్రం రెండు గోడలూ అతుక్కుపోతాయి. కొబ్బరి బొండంలో మెత్తబడిన కాగితం స్ట్రాతో పీలిస్తే జరిగేది అదే.

టర్బో అంటే సైలెన్సర్‌లోకి పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పితే, అదే ఇరుసుకున్న ఇంకో చక్రం బయటి గాలిని ఇంజిన్‌లోకి కుక్కడం. స్విస్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి దీనికి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. ఆ ఇరుసు నిమిషానికి లక్ష సార్లకు పైగా తిరగగలదు. "టర్బో పోయింది" అనే మాట తేలిగ్గా అనేస్తారు గానీ, చాలాసార్లు పోయేది టర్బో నుంచి ఇంజిన్‌కు వెళ్లే గొట్టం, లేదా దాని క్లిప్పు. చీలిక దగ్గర నూనె తడికి దుమ్ము అంటుకుని నల్లటి మరక కట్టి ఉంటుంది. లాగేటప్పుడు బుస్సుమనే శబ్దం వస్తుంది.

కొన్ని ఇంజెక్షన్ పంపుల మీద ఒక చిన్న రబ్బరు పొర ఉంటుంది. టర్బో గాలి వచ్చిందని కబురందాకే అది డీజిల్ పెంచుతుంది. ఆ పొర చిరిగితే గాలి నిండుగా ఉన్నా డీజిల్ పెరగదు, బలమూ రాదు, పొగా రాదు. గాలి జబ్బు డీజిల్ జబ్బులా వేషం వేసుకునే చోటు ఇది.

వాతావరణం లెక్కలోకి తీసుకోవాలి. 25 డిగ్రీల చలికాలపు గాలికంటే 45 డిగ్రీల మే నెల గాలి ఆరు శాతం పలచన. వెయ్యి మీటర్ల ఎత్తుకు పోతే ఇంకో పది శాతం దాకా పలచబడుతుంది. టర్బో కొంత సర్దుతుంది, పూర్తిగా కాదు. జనవరిలో ఎక్కినంత చురుగ్గా మేలో ఎక్కకపోతే అది జబ్బు కాదు.

తెల్ల పొగ, నీలం పొగ

డీజిల్ చిమ్మాల్సిన క్షణాన్ని మేస్త్రీలు టైమింగ్ అంటారు. ఇంజిన్ నిమిషానికి 2400 సార్లు తిరుగుతున్నప్పుడు, క్రాంక్ ఒక్క డిగ్రీ తిరగడానికి పట్టేది సెకనులో పద్నాలుగు వేలో వంతు. చిమ్మడం కొన్ని డిగ్రీలు ఆలస్యమైతే చాలు, పిస్టన్ కిందికి దిగిపోతుండగా మంట మొదలవుతుంది. దిగిపోయేదాన్ని వెనక నుంచి తోసినట్టే, బలం పట్టదు. పంపు దించి మళ్లీ బిగించిన బండిలో ఈ అనుమానం తప్పకుండా రావాలి. మన బండి పంపు కూడా దించిందే. అయితే చలి పొద్దున కూడా అది ఒక్క సెల్ఫ్‌కే అందుకునేది, తెల్ల పొగ లేదు, లాగేటప్పుడు ఇనుము కొట్టుకునే మోతా లేదు. కాబట్టి టైమింగ్‌ను పక్కన పెట్టాం.

బిగువు అంటే మేస్త్రీల భాషలో కంప్రెషన్. రింగులు, వాల్వులు అరిగితే నొక్కిన గాలి పక్కలనుంచి జారిపోతుంది, వేడి చాలదు. ఇంజిన్ తిరుగుతుండగా ఆయిలు పోసే మూత విప్పి చూస్తే, బాగున్న ఇంజిన్‌లో సన్నని ఊపిరి మాత్రమే వస్తుంది. అరిగిన ఇంజిన్‌లో గుప్పుగుప్పున పొగ కొడుతుంది. దీన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. నాలుగు సిలిండర్లలో ఏది బద్ధకించిందో తెలుసుకోవడానికి, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఒక్కో నాజిల్ పైపు నట్టు కాస్త వదులు చేసి చూస్తారు. మంచి సిలిండర్‌కు డీజిల్ ఆపితే ఇంజిన్ కుంటుతుంది. బద్ధకపు సిలిండర్‌దైతే శబ్దం మారదు.

ఇది చేతిలో అనుభవమున్న మేస్త్రి చేయాల్సిన పని, అదీ మెకానికల్ పంపున్న పాత బండ్ల మీదే. నాజిల్ తెరుచుకునే ఒత్తిడి కారు టైరులోని గాలికి దాదాపు వంద రెట్లు. ఆ తుంపర చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనపడుతుంది, లోపల కండ కుళ్లిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా ఆ గంటలోనే ఆసుపత్రికి పోవాలి. కొత్త కామన్ రైల్ బండ్లలో ఒత్తిడి ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ. వాటి పైపు నట్లు ఇంజిన్ తిరుగుతుండగా ముట్టుకోనేకూడదు.

పొగ లేకపోతే

ట్యాంకు మూత, ట్యాంకు లోపలి జాలీ, రబ్బరు పైపులు, డీజిల్‌ను పీల్చే ఫీడ్ పంపు, ఫిల్టర్, దాన్ని ఒత్తిడితో తోసే ఇంజెక్షన్ పంపు, చిమ్మే నాజిళ్లు. డీజిల్ నడిచే దారిలో వరసగా ఉండేవి ఇవి. ఆ మొదటి షెడ్డువాళ్లు ఈ దారిని చివరి నుంచి, ఖరీదైన వైపు నుంచి మొదలుపెట్టారు. దారి మధ్యలో ఒక్క పరీక్ష పెట్టి ఉంటే సగం అనుమానాలు ఒక్క దెబ్బతో తీరిపోయేవి.

మా వీధి చివర ఒక ముసలి మేస్త్రి ఉన్నాడు. బండి ఆయన దగ్గర పెట్టాం. ముందు ట్యాంకు మూత విప్పి చెవి దగ్గర పెట్టి విన్నాడు. మూతకుండే సన్నని గాలి రంధ్రం పూడుకుపోతే ట్యాంకులోంచి డీజిల్ పోయినకొద్దీ లోపల ఖాళీ ఏర్పడి, డీజిల్‌ను వెనక్కి లాగుతుంది. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె గుటకలు గుటకలుగా పడి ఆగిపోతుంది, అందుకే రెండో చిల్లు పెడతాం. అరగంట బాగా పోయి తర్వాత నీరసించే బండికి ఇదే కారణం కావొచ్చు. మూత తీయగానే సుయ్యిమంటుంది. ఇక్కడ అనలేదు.

తర్వాత ఫిల్టర్ అడుగు స్క్రూ వదులు చేసి గాజు గ్లాసులోకి కాస్త డీజిల్ పట్టాడు. అడుగున నీరు పేరుకోలేదు, నల్లటి జిగురూ లేదు. డీజిల్, నీళ్లు కలిసే పొరలో సూక్ష్మజీవులు పెరిగి ఆ జిగురు కడతాయి. వానాకాలంలో సగం ట్యాంకుతో నిలబెట్టే బండ్లకు అది మామూలే.

ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే తెల్లటి లెవెల్ పైపు జానెడు ముక్క కోసి, ఫీడ్ పంపుకు ముందు రబ్బరు పైపు మధ్యలో అతికించాడు. చేత్తో పంపు కొట్టి ఎయిర్ తీసి ఇంజిన్ వేశాడు. పైపులో డీజిల్ గాజులా నిలకడగా ఉంది. "తొక్కు బాబూ" అన్నాడు. డ్రైవరు తొక్కి పట్టుకున్నాడు. మొదట ఏమీ లేదు. కొన్ని క్షణాలకు గోలీసోడాలో లేచినట్టు సన్నని బుడగల వరస పాకుతూ వచ్చింది. కాలు తీస్తే ఆగిపోయింది.

పొలంలో నీళ్ల మోటారున్న ఎవరినడిగినా దీని అర్థం చెబుతారు. మోటారు తోసే వైపు పైపుకు చిల్లు పడితే నీళ్లు బయటికి చిమ్ముతాయి, చూడగానే తెలుస్తుంది. పీల్చే వైపు పైపుకు చిల్లు పడితే ఒక్క చుక్కా కారదు. బయటి గాలే లోపలికి పోతుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం తగ్గిపోతాయి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న డీజిల్ పైపు కూడా పీల్చే వైపే. అందుకే బండి కింద నేల పొడిగా ఉంది, ఎవరికీ అనుమానం రాలేదు.

కొద్దిపాటి గాలికే ఇంత నీరసం ఎందుకు? మూతి మూసిన సిరంజిలో నీళ్లు పోసి నొక్కండి, పిస్టన్ కదలదు. గాలి బుడగ ఉంచి నొక్కండి, స్పాంజిలా అణుగుతుంది. ఇంజెక్షన్ పంపు చేసే ఒక్కో నొక్కు బొట్టు కంటే తక్కువ డీజిల్ మీద. అందులో బుడగ ఉంటే నొక్కులో కొంత దాన్ని అణచడానికే ఖర్చవుతుంది, నాజిల్‌కు చేరేది తగ్గిపోతుంది. కాలు తొక్కకుండా ఖాళీగా తిరిగేటప్పుడు పీల్పు తక్కువ కాబట్టి పైపులో చీలిక మూసుకునే ఉంటుంది. ఘాట్‌లో కాలు తొక్కి పట్టినప్పుడు పీల్పు పెరిగి తెరుచుకుంటుంది.

అనుమానం పూర్తిగా తీర్చుకోవడానికి మేస్త్రి అయిదు లీటర్ల డబ్బాలో మంచి డీజిల్ పోసి, బానెట్ పక్కన ఎత్తుగా కట్టి, ట్యాంకు పైపు తీసేసి, సెలైన్ ఎక్కించినట్టు నేరుగా ఫీడ్ పంపుకు కలిపాడు. ఇప్పుడు తొక్కినా బుడగ లేదు. అంటే ఫీడ్ పంపు నుంచి నాజిళ్ల దాకా ఉన్నదంతా నిర్దోషి. కొత్త నాజిళ్లూ, కాలిబ్రేషనూ అన్నీ. దోషం ట్యాంకు వైపు ఉంది.

ట్యాంకు దగ్గర క్లిప్పు కింద ఉన్న మూరెడు రబ్బరు పైపు తీసి నా చేతిలో పెట్టాడు. తిన్నగా పట్టుకుంటే నల్లగా, నున్నగా, కొత్తదానిలాగే ఉంది. క్లిప్పు నొక్కిన చోట వంచితే ఎండిన చెరువు మట్టిలా పగుళ్లు నోరు తెరిచాయి. పైపు, రెండు క్లిప్పులు మార్చి, ఎయిర్ తీసి, బండి అప్పగించాడు. ఆయన తీసుకున్న కూలి, సామాను కలిపినా ఒక్క నాజిల్ ఖరీదు కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం అనంతగిరి నుంచి ఫోనొచ్చింది. రెండో మలుపు మూడో గేరులోనే ఎక్కేసిందట. "కానీ ఒక్క సంగతండీ," అన్నాడు. "నిన్నటిదాకా లేదు, ఇవాళ గట్టిగా తొక్కితే వెనక కాస్త నల్ల పొగ వస్తోంది."

డీజిల్ ఇప్పుడు పూర్తిగా అందుతోంది. ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చావని అడిగాను. గుర్తులేదన్నాడు. అరకులో లోడు దింపగానే ఫిల్టర్ విప్పి ఎండకు అడ్డంగా పెట్టి చూడమన్నాను, వెలుగు కనపడకపోతే కొత్తది వేసుకోమన్నాను.